హరిపురా నుంచి ప్రజాతీర్పు దాకా: రేపటి గురించి ఎవరిని అడిగారు?

2025 అక్టోబరులో ఒక రాత్రి మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక లింక్ వచ్చింది. 2047 నాటికి తెలంగాణ ఎలా ఉండాలో చెప్పమని రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన పౌరుల సర్వే అది. పంపింది వరంగల్ వైపు మా ఊళ్లో ఉండే చిన్నాన్న. నాన్న అప్పుడే కార్ఖానా నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. ఫోన్ నా చేతికిచ్చి, "ఇండ్ల మనం ఎటు కిందికి వస్తం రా? అక్కడోళ్లమా, ఇక్కడోళ్లమా?" అని అడిగాడు.

మేముండేది సూరత్ పక్కన సచిన్‌లో. పారిశ్రామికవాడ గేటు నుంచి మా గది పది నిమిషాల నడక. 2003లో నాన్న రెండున్నర ఎకరాల చెలక తమ్ముడికి అప్పజెప్పి ఇక్కడ సాంచలు నడపడానికి వచ్చాడు. నేను ఇక్కడే చదివి, ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఇప్పుడు తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా సివిల్స్ రాస్తున్నాను. నాన్న ప్రశ్నకు ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. కానీ ప్రణాళికల చరిత్ర అంతా మళ్లీ చదవడానికి ఆ ప్రశ్నే కారణం.

మన నోట్సుల్లో ఈ అంశం సాధారణంగా ప్రణాళికా సంఘం, 73వ సవరణ, నీతి ఆయోగ్ అనే మెట్లమీదుగా గబగబా సాగిపోతుంది. "ప్రజా భాగస్వామ్యం" అని రాసి కింద గీత గీస్తాం. ప్రశ్న తయారు చేసింది ఎవరు, దాన్ని ఎవరి ముందు పెట్టారు, వచ్చిన జవాబును ఏం చేశారు అన్నది మాత్రం పెద్దగా పట్టించుకోం. ఈ వ్యాసంలో ఆ సంగతే చూద్దాం.

మొదలు మా జిల్లా నుంచే. సచిన్ నుంచి బండి మీద గంటా గంటన్నర పోతే తపతి ఒడ్డున హరిపురా అనే పల్లె వస్తుంది. దారి పొడుగునా చెరకు. 1938 ఫిబ్రవరిలో కాంగ్రెస్ 51వ మహాసభ జరిగింది అక్కడే. అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్‌ను 51 ఎడ్లు కట్టిన రథం మీద ఊరేగించారని ప్రిలిమ్స్ పుస్తకాల్లో చదివే ఉంటారు. ఆ ఊరేగింపు కంటే అధ్యక్షోపన్యాసం ముఖ్యం. స్వాతంత్ర్యం వచ్చాక పేదరికాన్ని ఎలా పోగొట్టాలి, భూస్వామ్యాన్ని ఏం చేయాలి, పరిశ్రమలను ఎవరి అదుపులో పెట్టాలి అన్నవి బోస్ అప్పుడే చర్చకు పెట్టారు. ఒక ప్రణాళికా సంఘం సలహాతో రాజ్యం ముందుకు నడవాలన్నారు. స్వాతంత్ర్యానికి ఇంకా తొమ్మిదేళ్లకు పైగా ఉంది. రాని రాజ్యానికి ప్రణాళిక వేయడం అప్పట్లో చాలామందికి విడ్డూరంగానే తోచి ఉంటుంది.

గాంధీజీ కోరిక మీద నందలాల్ బోస్ ఆ సభ కోసం పోస్టర్లు గీశారు. డప్పు కొట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు, ఎద్దును పట్టుకున్నవాడు, వంటపని చేస్తున్న ఆడవాళ్లు: ఊళ్లో కనిపించే మనుషులే. ఆర్ట్ అండ్ కల్చర్ చదివేటప్పుడు వీటిని ఒక పాయింటుగా గుర్తు పెట్టుకుంటాం. నాకు ఇందులో వేరే సంగతి కనిపిస్తుంది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలో కాంగ్రెస్ రాష్ట్రాల పరిశ్రమల మంత్రుల సమావేశం జరిగింది. (మద్రాసు ప్రభుత్వంలో అప్పుడు కార్మిక, పరిశ్రమల శాఖ మన వి.వి.గిరి చేతిలో ఉండేది.) దాని ఫలితంగా నెహ్రూ అధ్యక్షుడిగా జాతీయ ప్రణాళికా కమిటీ ఏర్పడింది. కార్యదర్శి కె.టి.షా. సభ్యుల్లో విశ్వేశ్వరయ్య, మేఘనాద్ సాహా, పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్, వాల్‌చంద్ హీరాచంద్ లాంటివారు. కార్మికుల తరఫున ఎన్.ఎం.జోషి, గ్రామ పరిశ్రమల తరఫున జె.సి.కుమారప్ప. కుమారప్ప కొన్నాళ్లకే బయటికి వచ్చేశారు. పోస్టర్లలో ఉన్న మనుషుల్లో ఒక్కరూ కమిటీలో లేరు.

ఇది నింద కాదు. ఆ కమిటీ చేసిన పని చిన్నది కాదు. 29 ఉపసంఘాలు వేసింది. వాటిలో ఒకటి ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థలో స్త్రీల పాత్ర గురించి. 1939లో ఆ మాట ఎత్తడమే పెద్ద విషయం. రాష్ట్రాల ప్రభుత్వాలకు, విశ్వవిద్యాలయాలకు, వాణిజ్య మండళ్లకు, కార్మిక సంఘాలకు సుదీర్ఘమైన ప్రశ్నావళి పంపింది. దేశం భవిష్యత్తు మీద అభిప్రాయాలు అడుగుతూ అంత పెద్ద ఎత్తున ఒక కాగితం తిరగడం అదే మొదలని చెప్పుకోవచ్చు. కానీ 1931 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత పది శాతం లోపు. అచ్చేసిన ప్రశ్నావళికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలిగినవాళ్లు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

సంస్థానాల సంగతి ఇంకా చిత్రం. అప్పుడు మా సచిన్ బ్రిటిష్ ఇండియాలో లేదు. జంజీరా సిద్దీల వంశానికి చెందిన నవాబు ఏలిన చిన్న సంస్థానం. 1948లోగానీ భారత్‌లో కలవలేదు. మా తాతల ఊరు నిజాం కింద. అంటే అప్పటి లెక్కల్లో నాన్న వదిలొచ్చిన ఊరు, వచ్చి చేరిన ఊరు రెండూ సంస్థానాలే. సంస్థానాల ప్రజలు తమ పోరాటాన్ని కాంగ్రెస్ పేరు మీద కాక సొంతంగా నడుపుకోవాలన్నది హరిపురా తీర్మానం సారం. అదే 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పెట్టాలని ప్రయత్నిస్తే లాంఛనంగా మొదలుకాకముందే నిజాం ప్రభుత్వం నిషేధించింది. మరోపక్క జాతీయ ప్రణాళికా కమిటీ పనిలో సహకరించిన పెద్ద సంస్థానాల్లో మైసూరు, బరోడాలతోపాటు హైదరాబాద్ కూడా ఉంది! భవిష్యత్తు మీద సర్కారు అభిప్రాయం చెప్పొచ్చు, ప్రజలు మాత్రం సంఘం కూడా పెట్టుకోకూడదు. సంస్థానాల్లో ప్రజా ఉద్యమాల మీద ప్రశ్న వస్తే ఈ పోలిక రాయండి, పరీక్షకుడు ఆగి చదువుతాడు.

1944 ఏడాదిలో వచ్చిన ప్రణాళికల గురించి మీకు తెలిసిందే: పారిశ్రామికవేత్తల బొంబాయి ప్రణాళిక, ఎం.ఎన్.రాయ్ ప్రజా ప్రణాళిక, శ్రీమన్నారాయణ్ అగర్వాల్ గాంధేయ ప్రణాళిక. ఎవరి చూపు వారిది. చదివే జనం వీటిని పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలైతే కలిగింది. ఒకే భవిష్యత్తును చూపించి "సూచనలు ఇవ్వండి" అనడానికీ, మూడు దారులు చూపించి "ఏది?" అనడానికీ ఉన్న తేడా తరవాత మెదక్‌లో మళ్లీ కనిపిస్తుంది. అక్కడికి వస్తాను.

1950 మార్చి 15న కేబినెట్ తీర్మానంతో ప్రణాళికా సంఘం ఏర్పడింది. మనం దాదాపు మరిచిపోయిన విషయం ఒకటి ఇక్కడుంది. మొదటి పంచవర్ష ప్రణాళికను ముందు ముసాయిదాగా 1951 జులైలో బయటపెట్టారు, విస్తృతంగా చర్చించమని. తుది ప్రణాళిక వచ్చింది 1952 డిసెంబరులో. ఈ రెంటి మధ్యలో దేశమంతా మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. అంటే ముసాయిదా ఒక ఎన్నికను దాటి వచ్చింది. ముసాయిదాలో 1,793 కోట్లుగా ఉన్న మొత్తం చివరికి 2,069 కోట్లయింది. చర్చ వల్లనే అంతా పెరిగిందని నేను అనను. కానీ పత్రం మారింది, మారినట్టు కనిపించింది. అడిగినదానికి ఫలితం కంటికి కనపడే సందర్భాలు మన ప్రణాళికల చరిత్రలో అరుదు కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

అయితే ఆ డిసెంబరులోనే, 15వ తేదీన, 58 రోజుల నిరాహారదీక్ష తర్వాత మద్రాసులో పొట్టి శ్రీరాములు చనిపోయారు. ఆంధ్రుల భవిష్యత్తు గురించి అప్పటి ప్రజల మొదటి కోరిక ప్రత్యేక రాష్ట్రం. అది ఏ ప్రణాళికా ముసాయిదాలోనూ ప్రశ్నగా లేదు. ప్రశ్నావళిలో లేని విషయాన్ని చెప్పడానికి జనానికి మిగిలే దారి వీధి.

పంచాయతీరాజ్ కథను క్లుప్తంగా దాటేస్తాను, మీ అందరికీ కంఠతా వచ్చినదే. బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ 1957లో. 1959 అక్టోబరులో ముందు నాగౌర్, వెంటనే మన షాద్‌నగర్. 1992లో 73, 74 సవరణలు, 243జెడ్‌డి కింద జిల్లా ప్రణాళికా కమిటీలు. కింది నుంచి ప్రణాళిక రావాలన్న మాట చట్టంలోకి వచ్చింది. డబ్బు రాలేదు. కేరళ ఒక్కటే 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తానని ముందే ప్రకటించింది. గ్రామసభలో మాట్లాడినవాడికి తన మాట వెనక డబ్బు ఉందని తెలిస్తే మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

ఇప్పుడు మెదక్‌కు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999 జనవరిలో విజన్ 2020 పత్రాన్ని విడుదల చేసింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, తయారీలో మెకిన్సే కన్సల్టెన్సీ. ఒక రాష్ట్రం ఇరవై ఏళ్ల ముందుకు చూసి పత్రం రాసుకోవడం అప్పటికి కొత్త. ఆ ధైర్యాన్ని తక్కువ చేయక్కర్లేదు. హైదరాబాద్ ఐటీ గురించి అందులో ఉన్న ఊహ చాలావరకు నిజమైంది. కానీ వ్యవసాయం అధ్యాయంలో ఒక అంకె ఉంది. రాష్ట్రంలో భూమి మీద బతికేవాళ్లు అప్పుడు సుమారు 70 శాతం, 2020 నాటికి వాళ్లను 40 శాతం దాకా తగ్గించాలన్నది ఆలోచన. కమతాలు పెరగాలి, యంత్రాలు రావాలి, కాంట్రాక్టు సేద్యం రావాలి, మిగతావాళ్లు పరిశ్రమల్లోకి, సేవల్లోకి వెళ్లాలి. అర్థశాస్త్రం పుస్తకంలో దీన్ని నిర్మాణాత్మక మార్పు అంటారు. నేనూ అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ తేడా ముప్పై శాతంలో మా నాన్న ఉన్నాడని అప్పుడు తోచలేదు.

అదే కాలంలో జన్మభూమి సభలు ఊరూరా జరిగేవి. అక్కడ జనం రోడ్డు అడిగారు, బోరు అడిగారు, పింఛను అడిగారు. వచ్చే ఏడాదికి ఏం కావాలో ఊరిని అడుగుతాం, ఇరవై ఏళ్లకు ఏం కావాలో నిపుణులను అడుగుతాం. ఈ పని విభజన ఆ రోజుల్లో ఎవరికీ తప్పుగా తోచలేదు. ఇప్పటికీ పెద్దగా తోచడం లేదు.

తోచినవాళ్లు కొందరున్నారు. 2001 జూన్ చివరి వారంలో మెదక్ జిల్లాలో "ప్రజాతీర్పు" పేరుతో ఒక పౌర జ్యూరీ కూర్చుంది. జీవవైవిధ్య రక్షణ కోసం పనిచేసే రాష్ట్ర కూటమి, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని రెండు పరిశోధన సంస్థలు కలిసి నిర్వహించాయి. కూటమి వెనుక జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాల మీద దళిత మహిళా సంఘాలతో పనిచేసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. జ్యూరీ సభ్యులు 19 మంది. ఎక్కువగా చిన్న, సన్నకారు రైతులు. వారిలోనూ ఎక్కువమంది ఆడవాళ్లు, దళితులు, ఆదివాసులు. విచారణ సవ్యంగా సాగుతోందో లేదో చూడటానికి వేరే పర్యవేక్షణ సంఘం కూడా ఉంది.

పద్ధతి చూడండి, ఇదే అసలు విషయం. వాళ్ల ముందు మూడు భవిష్యత్తులు పెట్టారు. మొదటిది విజన్ 2020. రెండోది సేంద్రియ పంటలు పండించి విదేశాలకు ఎగుమతి చేసే మార్గం. మూడోది స్థానికంగా పండించి స్థానికంగా తినే, గాంధేయ ఆలోచనకు దగ్గరైన మార్గం. చదవలేనివాళ్లు ఉంటారు కాబట్టి కాగితాలు కాక వీడియోలు చూపించారు. అధికారులు, శాస్త్రవేత్తలు, ఒక బహుళజాతి వ్యవసాయ కంపెనీ ప్రతినిధి, స్వచ్ఛంద సంస్థలవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పారు. జ్యూరీ వాళ్లను ఎదురు ప్రశ్నలు వేసింది. మూడింటిలో ఒకటి ఎంచుకోవచ్చు, ఏదీ నచ్చకపోతే తమ సొంతది చెప్పొచ్చు.

తీర్పులో వాళ్లు భూమి మీద బతికేవాళ్లను 70 నుంచి 40 శాతానికి తగ్గించడాన్ని వ్యతిరేకించారు. కమతాలను కలపడం, కాంట్రాక్టు సేద్యం, కూలి పని పోగొట్టే యంత్రాలు, బీటీ పత్తి, విటమిన్ ఎ బియ్యం లాంటి జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. నేల బాగుండాలి, రకరకాల పంటలు, చెట్లు, పశువులు ఉండాలి, విత్తనం మీద, వనరుల మీద ఊరికి పట్టు ఉండాలి అన్నారు.

2002లో నివేదిక అచ్చయ్యాక గొడవ మొదలైంది. రాష్ట్రానికి సాయం అందిస్తున్న బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ వైపు నుంచి దీని పద్ధతి మీద గట్టి అభ్యంతరాలు వచ్చాయి. 2001 లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా 7.6 కోట్లు. 19 మంది ఎవరికి ప్రతినిధులు? నిర్వాహకులకు ముందే ఒక అభిప్రాయం లేదా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. నిర్వాహక కూటమి బీటీ పంటలను ముందు నుంచీ వ్యతిరేకించేదే, కాబట్టి అనుమానం సహజం. కాకపోతే అదే కొలబద్ద విజన్ 2020 కి పెట్టినవాళ్లు తక్కువ. 19 మంది రైతులు ప్రతినిధులు కాకపోతే, ఒక కన్సల్టెన్సీ ఎవరికి ప్రతినిధి?

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ మరీ ఒకవైపు ఒరిగిపోతుంది. తీర్పు వచ్చిన నాలుగు నెలలకు, 2001 అక్టోబరులో, ఇక్కడ గుజరాత్‌లో రైతులు అనుమతి లేని బీటీ పత్తిని వేల ఎకరాల్లో వేసేసినట్టు బయటపడింది. చుట్టుపక్కల పత్తి కాయతొలుచు పురుగుకు బలవుతుంటే ఆ చేలు పచ్చగా నిలబడ్డాయి. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. తరవాత కొద్ది ఏళ్లలోనే తెలుగు నేల మీద పత్తి చేలన్నీ దాదాపు అదే విత్తనం. వద్దన్నవాళ్లూ రైతులే, ఎగబడి కొన్నవాళ్లూ రైతులే. మరి "ప్రజల మాట" ఏది? నా లెక్కలో రెండూ. కూర్చుని, విని, ఎదురు ప్రశ్నలు వేసి చెప్పిన మాట ఒకటి. ఈ సీజన్ గట్టెక్కడానికి చేతిలో ఉన్న డబ్బుతో చెప్పిన మాట మరొకటి. విధానం చేసేవాడికి రెండోది వినిపించినంత తేలిగ్గా మొదటిది వినిపించదు, ఎందుకంటే మొదటిదాన్ని ఎవరో కూర్చోబెట్టి అడగాలి.

నాన్నను ఈ మధ్య అడిగాను, ఆ రోజుల్లో ఎవరైనా నిన్ను అడిగి ఉంటే భూమి మీద ఉంటానని చెప్పేవాడివా అని. కాసేపు ఆలోచించి, "నీళ్లుంటే ఉంటనంటుంటి" అన్నాడు. తర్వాత ఆయనే, "గని నువ్వు ఇంజనీరు కాకపోదువు" అన్నాడు. 2002లో వానలు లేవు. ఆ మరుసటి ఏడే ఆయన బయలుదేరాడు. ఆయన వలసకు విజన్ 2020 కారణం కాదు, కరువు కారణం. పత్రం కోరుకున్నదీ కరువు చేసిందీ ఒకటే కావడం ఒక్కటే నన్ను ఇబ్బంది పెడుతుంది.

ఇప్పటి రోజులకు వస్తే అడగడం బాగా పెరిగింది. ప్రణాళికా సంఘం పోయి 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. 2023 డిసెంబరు 11న వికసిత్ భారత్ 2047 కోసం యువత అభిప్రాయాలు తీసుకునే కార్యక్రమం మొదలైంది. 2024 డిసెంబరు 13న స్వర్ణాంధ్ర 2047 పత్రం విడుదలైంది. 2025లో తెలంగాణ సర్వే. ప్రశ్నావళి అచ్చులో కాక ఫోన్‌లో వస్తోంది, అక్షరాలు తెలుగులో ఉంటున్నాయి. 1939తో పోలిస్తే ఎంత దూరం వచ్చామో ఒప్పుకోవాలి.

నేను ఏ దార్శనిక పత్రం తెరిచినా ఇప్పుడు మొదట వెతికేది ఒకటే: వచ్చిన సూచనల్లో ఏవి తీసుకున్నారు, ఏవి కాదన్నారు, ఎందుకు కాదన్నారు. ఎన్ని లక్షల సూచనలు వచ్చాయన్న అంకె నాకు పెద్దగా ఉపయోగపడదు. చట్టాల విషయంలో ఇలాంటి ఏర్పాటు ఇప్పటికే ఉంది. 2014 నాటి శాసన పూర్వ సంప్రదింపుల విధానం ప్రకారం ముసాయిదా బిల్లును కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని కూడా బయటపెట్టాలి. ఆచరణ ఎలా ఉన్నా, నియమం ఉంది. దశాబ్దాల భవిష్యత్తును నిర్ణయించే పత్రాలకు ఆ మాత్రం నియమం కూడా ఎందుకు ఉండకూడదు? జీఎస్-2 జవాబుల్లో "ముందుకు దారి" అనే భాగంలో ఈ పాయింటు రాయొచ్చు, నేను రాస్తున్నాను.

రెండోది వలస. రాష్ట్రాల మధ్య ఏటా సుమారు 90 లక్షల మంది కదులుతున్నారని 2016-17 ఆర్థిక సర్వే రైల్వే లెక్కల ఆధారంగా అంచనా వేసింది. వీళ్ల గ్రామసభ ఒకచోట, బతుకు ఇంకోచోట. 2022 డిసెంబరు చివర్లో ఎన్నికల సంఘం వలస ఓటర్ల కోసం రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనా సిద్ధమైందని ప్రకటించింది. పార్టీల అభ్యంతరాలతో అది ముందుకు సాగలేదు. ఓటుకే దారి దొరకనప్పుడు 2047 మీద అభిప్రాయం దాకా పోవడం అత్యాశే అనొచ్చు. కానీ ఇది ఓటు కన్నా తేలిక. సచిన్‌లో, భివండీలో, షోలాపూర్‌లో ఉన్న తెలుగు నేత కార్మికులు రెండు రాష్ట్రాల భవిష్యత్తు మీదా మాట చెప్పగలరు. ఒక రాష్ట్రం నుంచి ఎందుకు పోయారో తెలుసు, ఇంకో రాష్ట్రం వాళ్లతో ఎలా పని చేయించుకుంటోందో తెలుసు.

ఆ రాత్రి చివరికి సర్వే నేనే తెరిచాను. నాన్న చెబుతుంటే టైప్ చేశాను. ఊరి చెరువు పూడిక గురించి చెప్పాడు. బడి గురించి చెప్పాడు. సూరత్ నుంచి వరంగల్‌కు బండ్లు పెంచాలన్నాడు. అది రైల్వే వాళ్లది, రాష్ట్ర ప్రభుత్వానిది కాదు నాన్నా అన్నాను. "రాయి రా, ఎవలదో వాళ్లే చూసుకుంటరు" అని చేయి కడుక్కోవడానికి లేచాడు.